జబ్బు చేపది కాదు

మా ఇంట్లో ఆరు నెలల్లో మూడు చేపలు పోయాయి. మూడూ బంగారు చేపలే. మూడింటికీ వైద్యం జరిగింది. జరిగింది కాబట్టే పోయాయేమోనని ఇప్పుడు నా అనుమానం. అంచేతే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

"చేప పోతే వ్యాసమేమిటమ్మా, చోద్యం కాకపోతే!" అని నవ్వేవాళ్ళు నవ్వండి. నాకేం అభ్యంతరం లేదు. మృగశిర కార్తె వచ్చిందంటే ఉబ్బసానికి మందని బతికున్న కొర్రమీను పిల్లని గుటుక్కున మింగడానికి హైదరాబాదులో వేలమంది బారులు తీరతారు. చేపని మందుగా మింగేవాళ్ళకి చేపకి మందేమిటని అనిపించడం సహజమే. కాని తినే చేపని పెంచే రైతు దాన్ని ఎంత కనిపెట్టుకుని ఉంటాడో, హాల్లో టీవీ పక్కన పెట్టుకుని "మా బంగారం" అని మురిసిపోయే మనం అందులో పదో వంతు కూడా కనిపెట్టుకుని ఉండం. ఈ ముక్క నాది కాదు. ఎవరిదో తర్వాత చెబుతాను.

అసలు ఆ మొదటి చేప మా ఇంటికి ఎలా వచ్చిందో వినండి. మా అమ్మాయి స్నేహితురాలి పుట్టినరోజు. పేరంటంలో పండూ తాంబూలం ఇచ్చినట్టు, వచ్చిన ప్రతి పిల్ల చేతిలోనూ ఒక ప్లాస్టిక్ సంచీ పెట్టారు. సంచీలో గ్లాసెడు నీళ్ళు, నీళ్ళలో రెండంగుళాల చేప. రిటర్న్ గిఫ్టుట! పెన్సిలు డబ్బా ఇచ్చే రోజులు పోయి ప్రాణాన్ని ఇచ్చే రోజులొచ్చాయి. పిల్ల ఆ సంచీని గుండెలకి హత్తుకుని ఇంటికొచ్చింది. కాదంటే రాక్షసినవుతాను. ఆ రాత్రికి స్టీలు గిన్నెలో పోసి, మర్నాడు కొట్టుకెళ్ళి గుండ్రని గాజు గిన్నె, రంగురాళ్ళు, ఒక ప్లాస్టిక్ మొక్క, మేత డబ్బా కొనుక్కొచ్చాం. గిన్నె ఎంత పడుతుందో అప్పుడు చూళ్ళేదు. తర్వాత పాలు కొలిచే గ్లాసుతో కొలిస్తే నాలుగు లీటర్లు. మనింట్లో పప్పు నానబోసే గిన్నె అంతకంటే పెద్దది.

అయిదో రోజుకి చేప అడుగున కూచుంది. రెక్కలు ఒంటికి అతికించుకుని, చలేసిన పిల్లలా ఒదిగిపోయింది. ఆరో రోజు పొద్దున్న పైకి తేలి, నోరు నీళ్ళ మట్టానికి ఆనించి గుటకలు వేస్తోంది. "ఆకలేస్తోంది పాపం" అని మా అత్తగారు ఇంకో చిటికెడు మేత వేశారు. నేను కొట్టుకి పరుగెత్తాను.

కొట్లో కుర్రాడు నన్నొక్క ప్రశ్న అడగలేదు. అది గుర్తుపెట్టుకోండి. గిన్నె ఎంతది, నీళ్ళు ఎక్కడివి, ఎన్నాళ్ళకోసారి మారుస్తారు, ఎంత మేత వేస్తారు, ఏమీ లేదు. పిల్లకి జ్వరమొచ్చి తీసుకెళ్తే ఎంత తొందరలో ఉన్న డాక్టరైనా ఏదీ నాలుక చాపమంటాడు కదా! ఈ అబ్బాయి వెనక్కి తిరిగి నీలం సీసా తీసి, "పది చుక్కలు వెయ్యండి మేడమ్" అన్నాడు. వేశాను. నీళ్ళు నీలిమందు కలిపిన తొట్టిలా అయ్యాయి. రాళ్ళు నీలం, నా వేళ్ళు నీలం, చీర చెంగు నీలం. ఆ నీలంలో చేప కనపడ్డం మానేసింది. మర్నాడు కనపడింది, తిరగబడి.

రెండో చేపకి పసుపు మందు. మూడోదానికి మావారు స్వయంగా వైద్యం చేశారు. ఎవరికో జ్వరానికి తెచ్చి మిగిలిపోయిన యాంటీబయాటిక్ గొట్టాన్ని విప్పి, సగం పొడి గిన్నెలో కలిపారు. "మనుషులకి పనిచేసింది చేపకి పనిచెయ్యదా?" అన్నారు. ఏం చెప్పను!

మూడోసారి పక్కింటి పిన్నిగారొచ్చి నా చెయ్యి పట్టుకుని ఓదార్చారు. "బాధపడకమ్మా. మీ ఇంటికి రావలసిన గండమేదో ఆ చేప తీసుకుపోయింది. దిష్టి పోయిందనుకో." ఆవిడ మంచిమనసుతోనే అన్నారు. కాని పక్కనే నిలబడి విన్న మా అమ్మాయి, తొమ్మిదేళ్ళది, "అయితే మన కోసం చచ్చిపోవడానికే తెచ్చామా అమ్మా?" అంది. నాకు జవాబు తట్టలేదు. ఇప్పటికీ ఆ ప్రశ్న నా చెవిలోనే ఉంది.

సరే, ఇంక అసలు సంగతికొస్తాను. ఆ వారంలోనే మా బాబాయి ఆకివీడు నుంచి పెళ్ళిపిలుపులకి వచ్చాడు. ఆయనకి అక్కడ చేపల చెరువులున్నాయి. ఖాళీ అయిన ఆ గిన్నెని నేనింకా తీయలేదు. బాబాయి కాఫీ తాగుతూ అటు చూసి, లేచి వెళ్ళి వేలు ముంచి వాసన చూశాడు.

"ఏమే అమ్మడూ, ఈ నీళ్ళు మార్చి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు రోజులైంది బాబాయ్. అదీ వారానికోసారి మొత్తం పారబోసి, గిన్నె తోమి, రాళ్ళు కూడా సబ్బుతో కడిగి మరీ పోశాను" అన్నాను, నా శుభ్రతకి నేనే మురిసిపోతూ.

"అదీ సంగతి" అన్నాడు బాబాయి. "జబ్బు చేపది కాదే. నీళ్ళది. మేం చెరువులో చేప పైకొచ్చి నోరు తెరిచిందంటే మందులకొట్టుకి పోం. ముందు నీళ్ళు చూస్తాం. రాత్రిళ్ళు లేచి చూస్తాం. తినే చేపకి మేం చేసేది, ముద్దుచేసే చేపకి మీరు చెయ్యరేం?"

ఆయన అన్న ఆ ముక్కే నేను పైన రాసింది. ఆ తర్వాత నేను ఊరుకోలేదు. చదివాను, అడిగాను, చేసి చూశాను. తేలిందేమిటంటే మా బాబాయి చెప్పింది అక్షరాలా నిజం.

బంగారు చేప పరాయిది కాదండీ. మన బొచ్చెకీ శీలావతికీ చుట్టమే, అదే కుటుంబం. వెయ్యేళ్ళ కిందట చైనాలో, సోంగ్ రాజుల కాలంలో, చెరువుల్లో ఉండే మామూలు బూడిదరంగు చేపల్లో అక్కడక్కడా పుట్టిన బంగారురంగు వాటిని ఏరి పెంచగా పెంచగా వచ్చిన జాతి. తర్వాత మింగ్ రాజుల కాలానికి ఇళ్ళలోకొచ్చింది. ఎందులో పెట్టుకున్నారనుకున్నారు? గాజు గిన్నెలో కాదు. పెద్ద పెద్ద పింగాణీ, మట్టి తొట్లలో. మన పెరళ్ళలో గోలేలుండేవే, అలాంటివాటిలో. బాగా చూసుకుంటే పది, ఇరవై ఏళ్ళు బతికే ప్రాణి ఇది. టిష్ అనే చేప ఇంగ్లండులో 1956లో ఒక తిరనాళ్ళలో బహుమతిగా ఒక ఇంటికొచ్చి, 1999లో పోయింది. నలభై మూడేళ్ళు! గిన్నిస్ బుక్కులోకెక్కింది. అదీ మా అమ్మాయి చేపలాగే సంచీలో ఊరికే వచ్చిన చేపే. మా ఇంట్లో ఆరు వారాలు బతికినదాన్ని చూసి "చేపలింతేలే, ఎక్కువ కాలం ఉండవు" అన్నాం. ఎంత తేలిగ్గా అన్నాం!

మరి ఆ నాలుగు లీటర్ల గిన్నెలో ఏం జరుగుతుంది? చేప వదిలే మలినంలో ముఖ్యమైంది అమ్మోనియా. అది ఎక్కువగా మొప్పల్లోంచే, అంటే ఊపిరి తీసే దారిలోంచే బయటికొస్తుంది. చెరువులో అయితే అంత నీళ్ళలో కలిసి పలచబడిపోతుంది. గిన్నెలో ఎక్కడికి పోతుంది? తిరిగి ఆ మొప్పల్నే కాలుస్తుంది. తలుపులూ కిటికీలూ బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని కూచున్నట్టన్నమాట. తినకుండా వదిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే. మా అత్తగారు జాలితో వేసిన చిటికెడు చిటికెడూ విషమే అయింది. ఇంకో చిత్రం చెప్పనా, బంగారు చేపకి మనలాగా జీర్ణకోశమనే సంచీయే లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. రోజంతా కొద్దికొద్దిగా మెక్కుతూ తిరిగే జాతి. మనం దగ్గరికెళ్ళగానే నోరు తెరిచిందంటే అది ఆకలి కాదు, అలవాటు.

దానికితోడు మన ఎండలు. ఇది చల్లని నీళ్ళ చేప. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువు ఇముడుతుంది. 30 డిగ్రీలైతే ఏడున్నర. మన విజయవాడ వేసవిలో మధ్యాహ్నం హాల్లో నీళ్ళెంత వేడెక్కుతాయో చెప్పక్కర్లేదు. వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా కూడా మరీ విషమవుతుంది. అలాంటప్పుడు గిన్నెని మెడ దాకా నింపేస్తాం, అందంగా ఉంటుందని. ఆ సన్నని మూతి దగ్గర నీళ్ళకి గాలి తగిలే చోటెంత? అరచేయంత.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. మనం ఆడవాళ్ళం శుభ్రతంటే పడిచస్తాం కదా! వారం వారం గిన్నె తళతళలాడేలా తోమేదాన్ని. అదే దాని పాలిట యమపాశమైంది. నీళ్ళలో, రాళ్ళ మీద, ఫిల్టరు స్పాంజిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని మళ్ళీ నైట్రేటుగా మార్చి పెడతాయి. మొదటి రెండూ విషాలు, మూడోది చాలావరకు సాధువు. కొత్త తొట్టిలో ఆ జీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటిని సబ్బుపెట్టి కడిగి పారేస్తే మళ్ళీ మొదటికి. నిన్నటి పెరుగు చుక్క లేకుండా ఇవాళ పాలు తోడుకుంటాయా? గిన్నెలో కాస్త తోడు మిగల్చాలని తెలిసిన మనకి ఇది ఎవరైనా చెబితే తెలియదా! ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టకూడదు, తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే ఓసారి జాడించాలి. నీళ్ళు మొత్తం పారబొయ్యకూడదు, వారానికి పావో మూడో వంతో తీసి కొత్తవి పొయ్యాలి. ఆ ఒక్కమాటా మేత డబ్బా మీదయినా పెద్దక్షరాలతో అచ్చెయ్యొచ్చు కదా? అచ్చేసింది మాత్రం నవ్వుతున్న చేప బొమ్మ.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ సంగతి వేరే. మనల్ని కాపాడే ఆ క్లోరినే చేప మొప్పల్ని కాలుస్తుంది, మన తోడునీ చంపుతుంది. ఒక రోజంతా వెడల్పాటి బకెట్లో పట్టి ఉంచితే చాలావరకు పోతుంది. తొందరైతే హైపో పలుకులు ఉన్నాయి, ఒకప్పుడు ఫొటోలు కడిగే చీకటిగదుల్లో వాడేవారే, అవే. చేపల కొట్లలో దొరుకుతాయి. బోరు నీళ్ళైనా సరే, పట్టి ఉంచి, గిలక్కొట్టి, వేడి సరిచూసి పొయ్యడమే మంచిది.

ఇప్పుడు ఆ నీలం సీసా గురించి నా కోపం వెళ్ళగక్కనివ్వండి. ఆ మందు చెడ్డదని కాదు. బూజు పట్టినప్పుడు విడిగా తీసి పెట్టిన తొట్టిలో, లెక్క ప్రకారం వేస్తే దాని పని అది చేస్తుంది. కాని ఏ జబ్బో తెలీకుండా, ఉన్న తొట్టిలోనే గుమ్మరిస్తే ఆ కాస్త తోడునీ దెబ్బతీస్తుంది. అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. మావారి యాంటీబయాటిక్ అయితే సరేసరి. ఆ పొడి వేసిన నీళ్ళు కాలవలో పోస్తే మందుకి లొంగని క్రిముల్ని పెంచి ఊరికి పంచిపెట్టడమే. ఇంత అనర్థానికీ పేరు "వైద్యం".

ఎందుకిలా అంటే, మందు వేస్తే మనం ఇంకేమీ మార్చుకోనక్కర్లేదు. గిన్నె గిన్నెలాగే ఉంటుంది, టీవీ పక్కనే ఉంటుంది. ఇది చేప దగ్గరే చూశాననుకోకండి. వంటింట్లో గాలాడక, పొగకీ ఉక్కకీ తలనొప్పితో మంచమెక్కిన ఇల్లాలికి "ఓ మాత్ర వేసుకో" అంటారు గాని, "కిటికీ ఒకటి పెట్టిద్దాం" అన్న మగమహారాజుని మా బంధువుల్లో నేను చూడలేదు. మాత్ర చవక, కిటికీ ఖరీదు. పోనీలెండి, అది ఇంకో వ్యాసం.

మరి జబ్బులే లేవా, అన్నీ నీళ్ళేనా అంటారు. ఉన్నాయి. కాని ముందు చూడటం నేర్చుకోవాలి. రోజూ మేత వేసేటప్పుడు రెండు నిమిషాలు నిలబడి చూడండి. పాలవాడి ముఖం గుర్తున్నట్టు మీ చేప తీరు మీకు గుర్తుండాలి. రెక్కలు విప్పుకుని తిరుగుతోందా? మేత దగ్గరికి ముందొచ్చేది ఇవాళ వెనకపడిందా? రాళ్ళకీ గోడలకీ ఒళ్ళు రుద్దుకుంటోందా? తోకలో ఎర్రని చారలు వస్తున్నాయా, అంచులు చీకిపోతున్నాయా? వీటిలో ఏది కనబడినా చెయ్యి మందు మీదకి కాదు, చెంబు మీదకి వెళ్ళాలి. మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళు మార్చండి, అదే వేడిలో ఉన్న, క్లోరిన్ పోయిన నీళ్ళతో. ఒకటి రెండు రోజులు మేత ఆపండి, ఏం పస్తులుండి చావదు. గాలి బుడగల యంత్రం పెట్టండి. అమ్మోనియా, నైట్రైటూ తేల్చే పరీక్ష చుక్కలు కొట్లో దొరుకుతాయి. రెండూ సున్నా ఉండాలి. లేకపోతే రేపు మళ్ళీ నీళ్ళు మార్చండి, ఎల్లుండీ మార్చండి. సగం "జబ్బులు" అక్కడే సర్దుకుంటాయి. నా అనుభవం అది.

ఇక ఒంటినిండా బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలొస్తే అది తెల్లమచ్చ తెగులు. ఇది నిజమైన జబ్బే, అంటుజబ్బు. దీని తెలివి చూడండి: ఒక సూక్ష్మజీవి చేప చర్మం కింద దూరి కూచుంటుంది. అక్కడున్నంతకాలం ఏ మందూ దాన్ని తాకదు. బలిసి, రాలి, అడుక్కి చేరి గూడు కట్టుకుని, అందులోంచి వందల పిల్లలు పుట్టి చేపని వెతుక్కుంటూ ఈదుతాయి. ఆ ఈదే కాసేపట్లోనే మందు వాటిని చంపగలదు. అందుకే చుక్కలు రాలగానే "నయమైపోయింది" అని మందు ఆపేస్తే వారం తిరక్కుండా రెట్టింపు వస్తాయి. మచ్చలు పోయాక కూడా కొన్నాళ్ళు వైద్యం సాగాలి, అడుగున మట్టి రోజూ పీల్చి తీసెయ్యాలి.

దీనికి మొదట్లోనే పట్టుకుంటే మన కల్లుప్పు కూడా పనికొస్తుంది. లీటరుకి ఒక గ్రాముతో మొదలుపెట్టి, ఒకటి రెండు రోజుల్లో మెల్లిగా పెంచుతూ మూడు గ్రాములకి మించకుండా, ముందు వేరే గిన్నెలో కరిగించి పొయ్యాలి. కొలిచి వెయ్యాలండోయ్, చారులో వేసినట్టు కంటిలెక్క కాదు. ఉప్పు ఆవిరైపోదు, నీళ్ళు మారిస్తేనే పోతుంది. ఎంత నీళ్ళు తీశామో అంత నీళ్ళకే మళ్ళీ ఉప్పు కలపాలి. నైట్రైటు పెరిగినప్పుడు కూడా ఉప్పు మేలు చేస్తుంది, ఆ విషాన్ని మొప్పల్లోకి అంతగా చొరబడనివ్వదు. ఉప్పుకి లొంగని తెగులైతే వెటర్నరీ డాక్టరుని అడగండి. చేపని చూపించడానికి సిగ్గేమిటి? కుక్కని చూపిస్తే లేని సిగ్గు?

చేపలకి పేలు కూడా పడతాయి. నవ్వకండి, ఆకివీడు చెరువుల్లో వాటిని పేలనే అంటారు. పప్పుబద్దంత చదునుగా, ఒంటికి అతుక్కుని కళ్ళకి కనపడతాయి. తడిగుడ్డలో చేపని పట్టుకుని పట్టకారుతో తీసెయ్యొచ్చు. తలలో పేలు తీసిన చేతులకి ఇదొక లెక్కా! ఇంక లావుపాటి గుండ్రని చేపలు ఒక్కొక్కప్పుడు తిరగబడి తేలతాయి. అది చావు కాదు. రెండు రోజులు మేత ఆపి, తర్వాత ఉడికించి తొక్కతీసిన పచ్చిబఠాణీ నలిపి పెడితే సర్దుకున్న సందర్భాలు నాకు తెలుసు. పొట్ట ఉబ్బి, పొలుసులు సీతాఫలం తొక్కలా లేచి నిలబడితే మాత్రం మూత్రపిండాల దాకా వెళ్ళిందన్నమాట. అప్పుడు బతకడం కష్టం. అలాంటిదాన్ని టాయిలెట్లో పోసి నీళ్ళు కొట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం చెయ్యకండి, దయచేసి. పంటినొప్పికి మనం వాడే లవంగనూనె డాక్టరు చెప్పిన కొలతలో నీళ్ళలో కలిపితే చేప మత్తులో నిద్రపోయి, ఇంక లేవదు. అంత మాత్రం మర్యాద దానికి ఇవ్వొచ్చు. ఉన్న చేపని కాలవలోనో చెరువులోనో వదిలెయ్యడం పుణ్యమనుకోకండి. అక్కడున్న వాటికి తెగుళ్ళు అంటిస్తుంది, వాటి తిండీ లాక్కుంటుంది.

తెల్లచుక్కలన్నానుగా, దాని మీద నాకొక పరాభవం జరిగింది. నాలుగోసారి నేను సరిగ్గా పెంచిన చేపకి ఓ రోజు పొద్దున్నే చెంపల మీద తెల్లచుక్కలు! నా గుండె జారిపోయింది. ఉప్పు డబ్బా తీశాను కూడా. ఎందుకో ఆగి భూతద్దం పెట్టి చూశాను. చుక్కలు మొప్పల మూతల మీదా, ముందు రెక్కల మొదటి ఈనె మీదా మాత్రమే, వరసగా, ముగ్గుచుక్కల్లా ఉన్నాయి. ఒంటి మీద లేవు, తోక మీద లేవు. చేప దిట్టంగా తింటోంది, పక్కదాని వెంటపడి తరుముతోంది. తీరా కనుక్కుంటే మగచేపకి జత కట్టే రోజుల్లో అలా వస్తాయిట! బుగ్గన చుక్క పెట్టుకున్న పెళ్ళికొడుకుకి మశూచి వైద్యం చెయ్యబోయానన్నమాట. చూడకుండా మందు వేసే కొట్టు కుర్రాడికీ నాకూ అప్పుడు తేడా వెంట్రుకవాసి.

"ఇంత రాద్ధాంతమెందుకు, దానికి మూడు క్షణాలే జ్ఞాపకముంటుందిట" అని మా ఆడపడుచు అంది. శుద్ధ అబద్ధం. నేర్పింది నెలల తరబడి గుర్తుంచుకుంటాయని పరీక్షలు చేసి తేల్చారు. మా చేపలకి పొద్దున్న ఏడుంపావుకి నేనొస్తానని తెలుసు. మా ఆడపడుచుకి నా పుట్టినరోజు ఏనాడూ గుర్తులేదు.

ఇటలీలో రోము నగరం 2005లో ఈ గుండ్రని గిన్నెల్లో చేపల్ని పెట్టకూడదని నియమం తెచ్చింది. మోంజా అనే ఊరు అంతకు ముందే, 2004లో, తెచ్చింది. పేపర్లలో చదివి అప్పట్లో అందరూ నవ్వారు. మనకి అంతకంటే పాత చట్టమే ఉంది. 1960లో జంతువుల పట్ల క్రూరత్వాన్ని ఆపడానికి చేసిన చట్టంలో, మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవీ జంతువేనన్నారు. చేపకి మినహాయింపు లేదు. కదలడానికి చాలినంత పొడవూ వెడల్పూ ఎత్తూ లేని బోనులో పెట్టడం నేరమని కూడా అందులో రాసుంది. గాజుతో చేస్తే బోను బోను కాకుండా పోతుందా?

ఇంక వాస్తు చేపల సంగతి. ఎనిమిది బంగారువి, ఒక నల్లది కలిపి తొమ్మిది పెట్టుకోమంటారు. నల్లది పోతే మరీ మంచిదట, కీడంతా లాక్కుని పోయిందట! అప్పుడు ఇంకో నల్లది కొనాలి. ఎవరి లాభానికో ఆలోచించండి. ఊపిరాడక చచ్చిన దాన్ని చూసి "కలిసొచ్చింది" అనుకోగలిగితే మన పిల్లలకి ఏ పురాణం చదివి వినిపించినా ఏం లాభం? మా అమ్మాయి ప్రశ్నకి ఆ పిన్నిగారి దగ్గరా జవాబు లేదు, ఆ వాస్తు పండితుల దగ్గరా లేదు.

మీరు పెంచొద్దని నేననను. పెంచండి. ఒక్క చేపకైనా అరవై డెబ్భై లీటర్లకి తక్కువ కాకుండా నీళ్ళుండాలి. చిన్న ఫిల్టరు ఉండాలి. కొత్త చేపని తేగానే పాతవాటితో కలపకుండా మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడాలి. గాజే అక్కర్లేదు. మా ఇంట్లో ఇప్పుడు నూరు లీటర్ల ప్లాస్టిక్ టబ్బు ఉంది, బట్టలు నానబెట్టేది, కొత్తది కొన్నాను. బాల్కనీలో నీడపట్టున పెట్టి, పిల్లి రాకుండా పైన వల కట్టాను. ఆ చైనావాళ్ళు చూసినట్టే పైనుంచి చూస్తాం. అందులో రెండే చేపలు. మూడోది తెస్తానంటే మా అమ్మాయే వద్దంది. "నీళ్ళు చాలవమ్మా" అంది.

మొన్న మళ్ళీ ఒక పుట్టినరోజు పిలుపొచ్చింది. ముందే ఫోను చేసి, "సంచీలు ఇస్తున్నారా వదినగారూ?" అని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయి, "మీకెలా తెలిసింది? ఇరవై ఆర్డరిచ్చాం" అన్నారు. అరగంట మాట్లాడాను. ఇరవైలో పధ్నాలుగు రద్దయ్యాయి. మిగతా ఆరింటినీ అడ్వాన్సు ఇచ్చేశామని తెచ్చారు. ఆ ఆరిళ్ళ వాళ్ళకీ మా టబ్బు కొన్న కొట్టు అడ్రసు రాసిచ్చాను. ఇద్దరు కొన్నారు.

ఆ గాజు గిన్నె ఏం చేశానంటారా? వంటింటి గట్టు మీదే ఉంది. వెల్లుల్లిపాయలు వేసుకుంటున్నాను.